తుడిస్తే పోయేది, పోనిది

క్లినిక్ తాళాలు తన చేతిలో పెట్టిన రోజు శ్రావణి నన్ను అడిగిన మొదటి ప్రశ్న కుర్చీ గురించి కాదు, ఎక్స్‌రే మిషను గురించీ కాదు. "మేడమ్, పళ్లు తెల్లబడడానికి ఇంటికి ట్రేలు ఇస్తాం కదా. బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు ఆ తెలుపు ఎన్నాళ్లు ఉంటుందని చెప్పాలి? తాగనివాళ్లకు ఎన్నాళ్లని చెప్పాలి?" అంది. శ్రావణి ఈమధ్యే చదువు ముగించుకున్న దంత వైద్యురాలు. గద్వాలలో నేను ఇన్నాళ్లు నడిపిన క్లినిక్‌ను ఇప్పుడు తనే చూసుకుంటోంది.

ఆ ప్రశ్నకు రెండు వాక్యాల్లో జవాబు చెప్పొచ్చు. కానీ ఆ రెండు వాక్యాలు నేర్చుకునేలోపు నేను ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చాను. అందుకే నోటితో చెప్పకుండా కూర్చుని రాస్తున్నాను. శ్రావణి లాగా ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లందరూ చదువుకోవచ్చు.

నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల. నా పని జీవితమంతా ఈ మూడు ఊళ్ల మధ్యే గడిచింది. ఎప్పుడు ఎక్కడికి మారాను, ఎవరు బదిలీ ఆర్డరు ఇచ్చారు అన్నవి నాకే విసుగు, మీకెందుకు. నాకు కోపం ఎక్కువ. అది మాత్రం ముందే చెప్పేస్తున్నాను. జరిగిన తప్పులో సగం నాకు తెలియకపోవడం వల్ల, మిగతా సగం ఈ కోపం వల్ల.

గుడ్డ ముక్క

నాగర్‌కర్నూల్ దవాఖానలో చేరిన కొత్తలో మా పెద్ద డాక్టరు గారు ఎక్కువ మాట్లాడేవారు కాదు. ఆయన చేతికి అందేంత దూరంలో ఎప్పుడూ ఒక డబ్బా ఉండేది. దాని నిండా శుభ్రమైన పలుచటి గుడ్డ ముక్కలు. ఏ నోరు తెరిపించినా ముందు ఆ గుడ్డ తీసి తుడిచేవారు, ఆ తర్వాతే చూసేవారు. అది ఆయన చాదస్తం అనుకునేదాన్ని.

ఒకరోజు బల్మూర్ దగ్గరి నుంచి ఒక యువ రైతు వచ్చాడు. ముందు పళ్ల మీద గోధుమ రంగు చారలు. చూడగానే, "దినానికి ఎన్ని కట్టలు తాగుతవ్?" అని గదమాయించాను.

"నేను బీడీ ముట్టనే ముట్ట మేడమ్," అన్నాడు.

"అందరూ గట్లనే అంటరు."

అతని ముఖం చిన్నబోయింది. పెద్ద డాక్టరు గారు లేచి వచ్చి, నన్నేమీ అనకుండా ఆ పన్ను తుడిచారు. తర్వాత పనిముట్టుతో మెల్లగా గీకి మళ్లీ తుడిచారు. చార పోలేదు. "మీ ఊళ్లో ఇంకెవరికైనా ఇట్లా ఉందా?" అని అడిగారు.

"మా వాడకట్టంత గిట్లనే సార్. బోరు నీళ్లు," అన్నాడు అతను.

నీళ్లలోని ఫ్లోరైడ్ పన్ను తయారయ్యే వయసులోనే లోపల చేరిపోతుంది. పాఠంలో చదివి పరీక్ష రాసి పాసైన సంగతే. ఎదుట కూర్చున్న మనిషిలో మాత్రం గుర్తుపట్టలేకపోయాను. అతను వెళ్లాక పెద్ద డాక్టరు గారు అన్నారు: "తుడిచి చూడమ్మా. తుడిస్తే పోయేది బయటి నుంచి వచ్చింది. పోనిది లోపలిది. మనిషిని ఒక మాట అనేముందు ఏది ఏదో తేల్చుకో."

ఆ రైతుకు నేను తప్పు ఒప్పుకున్నానా అంటే లేదు. అప్పట్లో నాకు అది చేతకాలేదు. తల వంచుకుని చీటీ రాసి పంపించాను. గుడ్డ డబ్బా మాత్రం ఆ రోజు నుంచి నా బల్ల మీద కూడా పెట్టుకున్నాను. పెట్టుకోవడం వేరు, వాడడం వేరు అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

టీచరమ్మకు ఒక చూపు, సిగరెట్టోళ్లకు ఒక చూపు

ఇంట్లో పళ్లు తెల్లబరచుకునే పద్ధతి వనపర్తికి వచ్చాక నా చేతికి వచ్చింది. అదేమిటో తెలియని వాళ్ల కోసం చెప్తాను. పళ్లకు అచ్చు తీసి, దాన్ని బట్టి పలుచటి ప్లాస్టిక్ ట్రే తయారుచేస్తాం. అందులో పంటికొక చుక్క జెల్ వేసుకుని రోజుకు కొన్ని గంటలు తొడుక్కోవాలి. రెండు మూడు వారాల్లో పన్ను లోపలి పసుపు తగ్గుతుంది. కొందరికి చల్లటి నీళ్లు తాగితే జివ్వుమంటుంది, ఒకటి రెండు రోజులు ఆపితే సర్దుకుంటుంది. పుచ్చు పళ్లు, చిగుళ్ల జబ్బు ఉంటే ముందు వాటి వైద్యం, ఆ తర్వాతే తెలుపు.

నేను మొదట ట్రే ఇచ్చింది రాజేశ్వరి టీచరమ్మకు. పొగ వాసన వస్తే బస్సులో సీటు మారే మనిషి. చాయ్ మాత్రం రోజుకు ఆరేడు సార్లు. ఆమె ఆరు నెలలకోసారి క్రమం తప్పకుండా క్లీనింగ్‌కు వచ్చేది. క్లీనింగ్ చేశాక నేను రంగుల పట్టీ తీసి చూసేదాన్ని. తెలుపు నుంచి గోధుమ దాకా రకరకాల ఛాయల్లో నకిలీ పళ్లు వరుసగా ఉండే పట్టీ అది. పన్ను పక్కన పెట్టి ఏ ఛాయో పోల్చుకుంటాం. ఏడాదికి టీచరమ్మ తెలుపు చెక్కు చెదరలేదు. రెండో ఏడు జరంత తగ్గితే నాలుగు రోజులు జెల్ పెట్టించాను, మళ్లీ వచ్చింది. నాకు భలే సంతోషమైంది.

అదే ఊళ్లో సిగరెట్ తాగే ఇద్దరికి కూడా ట్రేలు ఇచ్చాను. మూడు నెలల తర్వాత వేరే పని మీద వచ్చారు. కుర్చీలో కూర్చోగానే నోరు తెరిపించి, ట్యూబ్‌లైట్ వెలుగులో ఒక చూపు చూసి, "చూసినవా, మళ్ల నల్లగైనయ్. పొగ తాగేటోళ్లకు ఇది దండుగ," అని చెరొకసారి చీవాట్లు పెట్టి పంపించాను. రంగుల పట్టీ సొరుగులోంచి తీయలేదు. గుడ్డ డబ్బా మూత తెరవలేదు.

ఇందులో తప్పెక్కడుందో మీకు ఇప్పటికే తెలిసి ఉంటే మీరు నాకంటే నయం. నాకు తెలియడానికి గద్వాలలో ఒక నేతగాడు కావలసి వచ్చింది.

తిమ్మప్ప

గద్వాల నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేసే ఊరు. నా క్లినిక్ నేతవాళ్ల వీధికి నాలుగడుగుల దూరం. తిమ్మప్పకు యాభై దాటి ఉంటాయి. పొద్దున గుంత మగ్గంలో దిగితే మధ్యాహ్నం బువ్వకు లేస్తాడు. మధ్యలో లేచేది బీడీకి మాత్రమే.

"డాక్టరమ్మా, నా పండ్లు జర తెల్లగ జెయ్యి," అన్నాడు వస్తూనే.

"ఇన్నేండ్లు లేనిది ఇప్పుడేంది?"

"పోయిన సారి పట్నంల చేనేత మేళ పెట్టిండ్రు. జనం ముంగట మగ్గం మీద నేసి చూపెట్టమన్నరు. ఎవరో ఫోటో దీసి గింత పెద్ద బోర్డు గొట్టిచ్చిండ్రు. చీర మంచిగొచ్చింది. నా నోరు జూస్తే నాకే సిగ్గైంది. ఈసారి గూడ పిలిచిండ్రు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోని నెయ్యలేను గద."

నవ్వొచ్చింది కానీ ఆయన నవ్వలేదు. నోరు తెరిపించాను. పళ్లు బీడీ మసితో నిండి ఉన్నాయి. కుడి చెంప లోపల, పెదవుల మూలకు దగ్గరగా, కందిపప్పు బద్దంత తెల్లటి మచ్చ ఉంది. పళ్లను వదిలేసి ముందు దాన్ని గుడ్డతో తుడిచాను. పోలేదు. ఎప్పటి నుంచి ఉందని అడిగితే, "ఎప్పటిదో తెల్వదు. నొప్పి లేదు, ఏం లేదు. దాన్ని ఇడ్సిపెట్టు, పండ్ల సంగతి జూడు," అన్నాడు.

బీడీ తాగేవాళ్ల చెంపలో తుడిస్తే పోని తెల్ల మచ్చ అంటే మనం ఊరుకోకూడదు. అన్నీ క్యాన్సర్ కావు. కొన్ని అవుతాయి. బీడీ మాన్పించి, రెండు వారాలు చూసి, అప్పటికీ ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఇది నాకు కచ్చితంగా తెలుసు. కానీ తిమ్మప్పకు మచ్చ అంటే లెక్కలేదు, తెలుపు అంటే ప్రాణం. అక్కడే నాకొక ఉపాయం తోచింది. అది గొప్ప ఉపాయం అనుకున్నాను.

"తిమ్మప్పా, పండ్లు తెల్లగ జేస్త. కాని ఒక్క బీడీ ముట్టినా మూడు నెలల్ల అంతా పోయి మొదటి లెక్కనే అయితయ్. ఈ మచ్చ గూడ గంతే. బీడీ మానకపోతే ముదురుతది."

రెండు మాటలూ ఒకే గొంతుతో, ఒకే ధీమాతో చెప్పాను. మచ్చ గురించి తెలిసి చెప్పాను. తెలుపు గురించి తెలియకుండా తెలిసినట్టు చెప్పాను. ఆయన మేలు కోసమే చెప్తున్నాను కాబట్టి ఫరవాలేదనుకున్నాను. పిల్లలకు బూచి పేరు చెప్పినట్టు పెద్ద మనిషికి చెప్పాను.

పని చేసింది కూడా. పళ్లు శుభ్రం చేసి ట్రే ఇచ్చాను. ఆ మూడు వారాలూ తిమ్మప్ప బీడీ ముట్టలేదు. రోజూ మధ్యాహ్నం ట్రే పెట్టుకుని మగ్గంలో కూర్చునేవాడు. "రెండు గంటలు ఇల్లు సల్లగుంటుంది డాక్టరమ్మా, గాయన నోరు దెరుస్తలేడు. ఇంకో నెల పెట్టుకోమని జెప్పు," అని ఆయన భార్య జయమ్మ నన్ను అడిగింది.

చివరి రోజు ట్యూబ్‌లైట్ కింద రంగుల పట్టీ పెట్టి చూసి, బాగా వచ్చిందన్నాను. తిమ్మప్ప నా పట్టీని పట్టించుకోలేదు. చొక్కా జేబులోంచి ఒక అట్ట ముక్క తీశాడు. దానికి ఆరేడు తెల్ల దారాలు వరుసగా కట్టి ఉన్నాయి. అద్దం తీసుకుని గడప దాటి ఎండలోకి పోయి, ఒక్కో దారాన్ని పన్ను పక్కన పెట్టి చూసుకుని, ఒకదానికి ముడి వేసుకున్నాడు.

"ఇదేంది తిమ్మప్పా?"

"తెలుపు అంటే ఒక్కటే గాదు డాక్టరమ్మా. పాల తెలుపుంటది, కోర నూలు తెలుపుంటది, పట్టు తెలుపుంటది. పక్కపక్కకు బెట్టి జూస్తేనే తేడా తెలుస్తది. నువ్వు మూడు నెలలన్నవ్ గద, యాదికుండాలె."

నేను నవ్వేశాను. మచ్చ అలాగే ఉంది. ముక్క తీసి పంపిద్దాం అంటే, "మేళ నుంచి వచ్చినంక జూద్దాం," అన్నాడు. సరేనన్నాను. అది నా రెండో తప్పు.

ఏడాది

మేళ నుంచి తిమ్మప్ప తిరిగొచ్చాడు కానీ నా దగ్గరికి రాలేదు. కొన్ని నెలలకు ఆ వీధి నుంచి పన్ను తీయించుకోవడానికి వచ్చిన ఒకాయనకు బీడీ మానమని చెప్తే, ఆయన నా ముఖం మీదే నవ్వాడు. "నువ్వు ఊరికె భయపెడ్తవని తిమ్మప్ప జెప్పిండు," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ నంబరు నా దగ్గర ఉంది. ఇల్లు నాలుగడుగుల దూరంలో ఉంది. ఆయనకే అవసరం లేకపోతే నాకెందుకు అనుకున్నాను. పౌరుషం డాక్టరుకు పనికిరాని వస్తువు. నా దగ్గర అది దండిగా ఉండేది.

ఏడాది దాటాక జయమ్మ తన పన్ను నొప్పికి వచ్చింది. మందు పెడుతుంటే మాటల్లో అంది: "మా ఇంటాయన కారం ముట్టుకుంటలేడు డాక్టరమ్మా. పచ్చికారం లేంది జొన్నరొట్టె ముట్టనోడు, ఇప్పుడు మజ్జిగ బువ్వ తింటుండు. మండుతుందట."

మందు పెట్టడం ఆపి అడిగాను. "ఏ దిక్కు నములుతుండు?"

"ఎడమ దిక్కు. అవు, ఈ నడుమ అంతా ఎడమ దిక్కే."

మచ్చ ఉన్నది కుడి చెంపలో. "రేపే తోల్కొనిరా," అన్నాను.

"రాడు డాక్టరమ్మా. నీ పేరెత్తితే నవ్వుతడు."

ఆ మధ్యాహ్నం క్లినిక్ తలుపు వేసి, సంచిలో గుడ్డ ముక్కలు, చిన్న అద్దం, పళ్లు గీకే పనిముట్టు వేసుకుని బయల్దేరాను. ఆయన నోరు చూడకుండా ఆ ఇంట్లోంచి కదిలేది లేదని తీర్మానించుకున్నాను.

వాకిట్లో

తిమ్మప్ప మగ్గంలో ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు, పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడె ఆపలేదు. "ఏంది, దవాఖాన మా ఇంటికే వచ్చింది?" అన్నాడు.

"నోరు జూడాలె తిమ్మప్పా. జయమ్మ జెప్పింది, కారం మండుతుందట."

"ముందు నా పండ్లు జూడు. మూడు నెలలన్నవ్. ఏడాది దాటింది. మేళల ఉన్నప్పుడే మళ్ల బీడీ షురూ జేసిన. ఒక్క కట్ట తగ్గియ్యలే." పళ్లు ఇకిలించి చూపించాడు.

మగ్గం పైన ట్యూబ్‌లైట్ వెలుగుతోంది. ముందు పళ్ల మీద గోధుమ రంగు పొర స్పష్టంగా కనిపించింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ క్షణంలో నేను మచ్చను మరిచిపోయాను. నా మాటే నెగ్గిందనుకున్నాను. "నల్లగనే అయినయ్ గద," అన్నాను.

అప్పుడు నాడె ఆగింది. "ట్యూబ్‌లైట్ కింద రంగు జూస్తరా ఎవరన్న? గీ వెలుగుల నేను దారం గూడ ఏరను. అది పైన అంటిన మసి. రా వాకిట్లకు," అంటూ గుంతలోంచి లేచాడు.

వాకిట్లో ఎండలో ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాడు. "తుడువు," అన్నాడు. ఒక ముందు పన్నును పనిముట్టుతో గీకి గుడ్డతో తుడిచాను. గుడ్డకు గోధుమ రంగు అంటింది. మళ్లీ గీకి, మళ్లీ తుడిచాను. ఈలోగా జయమ్మ లోపల గోడ మేకుకు వేలాడుతున్న అట్ట తెచ్చింది. ఏడాది కింద ముడి వేసిన దారాన్ని తిమ్మప్ప ఆ పన్ను పక్కన పెట్టాడు.

నేను వంగి చూశాను. దారం ఎక్కడ ముగిసిందో పన్ను ఎక్కడ మొదలైందో చెప్పడానికి కాసేపు పట్టింది. తెలుపు అక్కడే ఉంది. ఏడాది పాటు బీడీ పొగ దాని మీద పడుతూనే ఉంది, అది పైపైనే ఉండిపోయింది.

అప్పుడు రాజేశ్వరి టీచరమ్మ గుర్తొచ్చింది. ఆమె పళ్లు క్లీనింగ్ అయ్యాక చూశాను. ఆ సిగరెట్ ఇద్దరి పళ్లను మసి మీదే చూశాను. కడిగిన గిన్నెను, కడగని గిన్నెను పక్కన పెట్టి ఇది పాతబడింది అన్నట్టుంది నా తీర్పు. తుడిచి చూడమని నాగర్‌కర్నూల్‌లో చెప్పించుకున్న మనిషిని నేను.

కోపం గొంతు దాకా వచ్చింది. నీ అదృష్టం బాగుంది అనొచ్చు. మళ్లీ ఏడాదికి చూడు అనొచ్చు. మచ్చ చూడకుండా కదలనని వచ్చిన సంగతి గుర్తు తెచ్చుకున్నాను.

"నేను జెప్పింది తప్పు తిమ్మప్పా. మూడు నెలల ముచ్చట నాకు తెల్వకనే జెప్పిన. నువ్వు బీడీ మానాలని జెప్పిన."

ఆయన అట్ట మీద దారాలు సర్దుకున్నాడు. "తెల్వకపోతే తెల్వదనాలె గద డాక్టరమ్మా," అన్నాడు చివరికి. "నేను నూలు అంచు నేసి పట్టు అంచని అమ్ముతనా? ఒక్కసారి అమ్మితే, తర్వాత నా చేతుల అసలు పట్టున్నా ఎవరు నమ్ముతరు?"

బల్మూర్ రైతు ముందు తల వంచుకున్నట్టే వంచుకున్నాను. ఈసారి మాత్రం అక్కడే నిలబడ్డాను.

"మరి చెంపల మచ్చ గూడ గట్ల జెప్పిందేనా?" అని అడిగాడు.

నా ఒక్క అబద్ధం ఎంత దూరం పోయిందో అప్పుడు అర్థమైంది. తెలుపు పోలేదు కాబట్టి మచ్చా ముదరదు అనుకున్నాడు. తర్కం ఆయనదే సరైనది.

"నా మాట నమ్మకు," అన్నాను. అద్దం, కొత్త గుడ్డ ముక్క చేతిలో పెట్టాను. "నువ్వే తుడువు. పోతే నేను వాపస్ పోత. మళ్ల నీ జోలికి రాను."

తిమ్మప్ప ఎండకు తిరిగి, చెంప పక్కకు లాగి తుడిచాడు. చూసుకున్నాడు. మళ్లీ తుడిచాడు. మచ్చ ఇప్పుడు బొటనవేలి గోరంత ఉంది. మూడోసారి తుడిచేటప్పుడు నొప్పికి కన్ను మూసుకున్నాడు.

"పోతలేదు," అంది జయమ్మ, మెల్లగా.

ఆయన ఇంకా అద్దంలోనే చూస్తున్నాడు. రంగులు చూడడమే బతుకైన మనిషి. "అంచుకు తెల్లగుంది. నడుమ ఎర్రగుంది. ఆడాడ చుక్కలున్నయ్," అన్నాడు. నేను కాగితం మీద రాయవలసిన వర్ణన అది. తెలుపులో ఎరుపు కలిసిందంటే మనం భయపడవలసిన మచ్చ.

"క్యాన్సరా?"

అవునంటే ఆ క్షణమే బీడీ కట్ట విసిరేస్తాడు. ఆ మాట నోటి దాకా వచ్చింది.

"తెల్వదు," అన్నాను. "చూసి చెప్పలేను. ముక్క తీసి పరీక్ష జేస్తేనే తెలుస్తది. నాకు భయమైతుంది, గంతవరకు నిజం."

తిమ్మప్ప అద్దం దించి నా ముఖంలోకి చూశాడు. "ఇప్పుడు నిజం జెప్తున్నవ్," అన్నాడు. లోపలికి పోయి చొక్కా మార్చుకొచ్చాడు.

ముక్క పరీక్ష

ఆ సాయంత్రమే ముక్క తీశాను. నివేదిక రావడానికి కొన్ని రోజులు పట్టింది. జయమ్మ రోజూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, నేను తల అడ్డంగా ఊపితే వెళ్లిపోయేది.

క్యాన్సర్ ఇంకా కాలేదు. కణాలు ఆ దారి పట్టాయి. హైదరాబాద్ పంపించాను, అక్కడ మచ్చను కోసి తీసేశారు. ఏడాది ముందే తీసి ఉంటే చిన్న కోతతో పోయేది. ఇప్పుడు కుడి చెంప కొంచెం బిగుసుకుపోయి, ఆయన నవ్వితే నోరు ఒక పక్కకు వంగుతుంది. ఆ వంకరలో నా వాటా ఉంది. ఎవరైనా, నువ్వు వెళ్లి కాపాడావు కదా అంటే నేను ఒప్పుకోను. వెళ్లవలసిన అవసరం తెచ్చిపెట్టింది నేనే.

బీడీ ఒక్క రోజులో పోలేదు. రెండుసార్లు మానాడు, రెండుసార్లు మొదలుపెట్టాడు. రెండోసారి నా దగ్గరికి వచ్చి తనే చెప్పాడు. నేను తిట్టలేదు. తిడితే మూడోసారి చెప్పడని అప్పటికి నేర్చుకున్నాను. మూడోసారి మానినది ఇప్పటిదాకా నిలిచింది. మూడు నెలలకోసారి వచ్చి నోరు చూపించుకోమన్నాను. మచ్చ మళ్లీ వస్తుందా రాదా అని అడిగితే, తెలియదన్నాను. అందుకే రావాలన్నాను.

శ్రావణీ, నీ ప్రశ్నకు

ఇదీ జవాబు. ఇంట్లో సరిగా చేసుకున్న తెలుపు నేను చూసినంతలో ఏడాది దాకా బాగా నిలుస్తుంది, తర్వాత మెల్లగా తగ్గుతుంది. పొగ తాగేవాళ్లకు పైన మసి త్వరగా పడుతుంది, కానీ శుభ్రం చేసి చూస్తే కింద తెలుపు తాగనివాళ్లకు ఉన్నట్టే ఉంటుంది. తిమ్మప్ప తర్వాత నేను అందరినీ ఒకే తీరుగా చూశాను. ముందు క్లీనింగ్, తర్వాత పగటి వెలుతురు, ఆ తర్వాతే పట్టీ. రెండేళ్లు దాటిన సంగతి నాకు గట్టిగా తెలియదు, కాబట్టి నువ్వు కూడా నా పేరు మీద చెప్పకు.

ఇలా చెప్తే పొగ తాగేవాళ్లు ధైర్యం తెచ్చుకోరా అని నువ్వు అడుగుతావు. తెచ్చుకోనీ. పళ్ల రంగు విషయంలో ధైర్యం తెచ్చుకుంటే నష్టం లేదు. పొగ చేసే చెడ్డ పని పంటి రంగులో లేదు. చిగుళ్లలో, చెంపలో, నాలుక కింద ఉంది. అక్కడ భయపెట్టడానికి నిజమే సరిపోతుంది. దానికి అబద్ధాన్ని తోడు పంపితే, అబద్ధం బయటపడిన రోజు నిజం కూడా దాంతోపాటే పోతుంది.

ఇంకొక్కటి. నొప్పి లేకుండా మన గడప తొక్కేది తెలుపు కోసం వచ్చేవాళ్లే. మిగతావాళ్లందరూ పన్ను పట్టుకుని ఏడుస్తూ వస్తారు, నొప్పి ఉన్న చోటే చూపిస్తారు. వీళ్లు మాత్రం తీరిగ్గా కూర్చుని నోరంతా తెరుస్తారు. వాళ్లను షోకు మనుషులని చిన్నచూపు చూడకు. ముందు పళ్లు చూసి ఆగిపోకు. చెంపలు లాగి చూడు, నాలుక ఎత్తి చూడు. తుడిచి చూడు.

ఇది రాయడం ముగించే ముందు ఒకసారి క్లినిక్‌కు వెళ్లాను. కుర్చీ నాది కాదు కాబట్టి పేషెంట్ల బెంచీ మీద కూర్చున్నాను. కాసేపటికి తిమ్మప్ప వచ్చాడు. జేబులో అట్ట అంచు కనిపిస్తోంది. శ్రావణి ఆయనను కూర్చోబెట్టి, నేను ఇచ్చిన పాత రంగుల పట్టీ తీసుకుని ముందు పళ్ల దగ్గరికి వంగింది. పైన ట్యూబ్‌లైట్ వెలుగుతోంది. నా నోరు తెరుచుకుంది, కోపంతోనే. ఆపుకున్నాను.

తిమ్మప్ప ఆమె చెయ్యిని మెల్లగా పక్కకు జరిపాడు. లేచి కిటికీ దగ్గరికి పోయి, ఎండకు ముఖం పెట్టి నిలబడ్డాడు. డబ్బాలోంచి ఒక గుడ్డ ముక్క తీసి ఆమెకు అందించి, కుడి చెంపను తన వేలితోనే పక్కకు లాగాడు.

"పండ్ల సంగతి నేను జూసుకుంట బిడ్డా," అన్నాడు. "నువ్వు ముందు గిది జూడు."